హంతకుని కన్ను - హతుల లెక్క

మన చలనచిత్రకారుల చేతికి ఈ నడుమ ఒక తాళపుచెవి దొరికినది. దాని పేరు యథార్థము. ఎంతటి జుగుప్సాకరమైన దృశ్యమునైనను తెరపై పరచి, ఇదేమని యడిగినవారికి ‘లోకమున జరుగునదే చూపితిమి’ అని బదులు చెప్పిన చాలును, సకల ద్వారములును తెరచుకొనుచున్నవి. ఒకనాడు హత్య కథలో నొక ఘట్టము. నేడు హత్యయే కథ. అంతటితో నాగక, ఒకరి వెనుక నొకరిని చంపుకొనుచు పోవు వానిని, సీరియల్ కిల్లరని లోకము పిలుచు వానిని, కథకు నడుమ నిలిపి, వాని కన్నుతోనే మనచే సమస్తమును చూపించు బొమ్మలు వరుసగ వచ్చుచున్నవి. కొన్ని సినిమాహాళ్లకు వచ్చును. కొన్ని నేరుగ ఇంటి తెరకును చేతిలోని ఫోనునకును వచ్చును.

వీనిని గూర్చి రెండు పక్షములవారు వాదించుచున్నారు. ఇట్టి బొమ్మలను ప్రభుత్వము నిషేధింపవలెనని ఒక పక్షము. కళాకారుని చేతులు కట్టరాదని రెండవ పక్షము. మేము మొదటి పక్షమున చేరము. స్వేచ్ఛ విషయమున రెండవ పక్షముతో ఏకీభవింతుము. కాని వారు పలుకు ‘యథార్థము’ను మాత్రము విచారణ లేక అంగీకరింపజాలము. హంతకుని కన్నుతో చూచుట తప్పు కాదు. ఆ కన్నునకు కనబడినదే సత్యమని చాటుట మాత్రము అసత్యము. మా వాదమంతయు ఇంతియే.

నిషేధవాదులకు మొదట సమాధానము చెప్పవలెను. నిషేధమన నేమో తెలుగుదేశము పూర్వమే చవిచూచినది. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు ‘రైతుబిడ్డ’ తీసినపుడు, జమీందారీ దౌష్ట్యమును తెరపై కెక్కించినందులకు జమీందారులు మండిపడిరి. పరప్రభుత్వము కొన్ని తావుల దాని ప్రదర్శనమును నిలిపివేసెను. నాడు కత్తెర పట్టినవారికి రైతు దుఃఖము అశాంతిగ కనబడినది. కత్తెర ఎవరి చేత నుండునో వారికి అప్రియమైనదే ‘అశ్లీలము’గను ‘హింస’గను కనబడుట సహజము. నేడు నెత్తురును కత్తిరింపుమని మనము ప్రభుత్వమునకు అప్పగించు కత్తెర, రేపు మన కేకనే కత్తిరించును.

హంతకుని కథ విషయముననే మన దేశపు ఉన్నతన్యాయపీఠము ఒక గొప్ప తీర్పు చెప్పియున్నది. చెన్నపట్టణమున ఆరు హత్యలకై మరణశిక్ష పొందిన ఆటో శంకరు చెరసాలలో తన జీవితకథను తానే వ్రాసికొనెను. ‘నక్కీరన్’ అను తమిళ పత్రిక దానిని ప్రకటింపబూనెను. కొందరు ఉన్నతాధికారులకును వానికిని గల స్నేహములు అందు బయటపడునని పత్రికవారు చెప్పిరి. 1994 జూన్ మాసమున కారాగారముల ప్రధానాధికారి ఆ కథ అసత్యమనియు, దానిని ప్రకటింపరాదనియు లేఖ వ్రాసెను. వ్యాజ్యము సుప్రీంకోర్టునకు పోయెను. 1994 అక్టోబరు 7వ తేదీన వెలువడిన తీర్పును వ్రాసినవారు మన తెలుగువారగు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిగారు. అచ్చు కాకమునుపే అడ్డగించు అధికారము ప్రభుత్వమునకు లేదని వారు తేల్చిరి. కోర్టు రికార్డులవంటి బహిరంగ పత్రములలో నున్నంతవరకు ఎవరి యనుమతియు లేకయే ప్రకటింపవచ్చుననియు, దానిని దాటి యొకరి సొంతజీవితములోనికి చొరబడినచో ఫలితము ననుభవింపవలసియుండుననియు వివరించిరి. ఆ వెంటనే ఒక మినహాయింపును చేర్చిరి: అత్యాచారమునకో, అపహరణమునకో, అట్టి నేరమునకో గురియైన స్త్రీ పేరును, ఆమెకు జరిగిన దానిని బయటపెట్టి ఆమెను మరల అవమానింపరాదు. హంతకుడు మాటలాడవచ్చును, వాని మాటతో బాధితురాలు రెండవమారు బాధ పడరాదు. ఆటో శంకరు 1995 ఏప్రిల్‌లో సేలము చెరసాలలో ఉరికంబ మెక్కెను. ఆ ధర్మసూత్రము మాత్రము నిలిచియున్నది. మన చలనచిత్రకారులు దానిలోని మొదటి సగమును కంఠస్థము చేసి, రెండవ సగమును మరచిరి.

దుష్టుని కథకు నడుమ నిలుపుట మన సాహిత్యమునకు క్రొత్త కాదు. మన విజయనగరమునకు అసలే క్రొత్త కాదు. ‘కన్యాశుల్కము’ తెర లేచినంతనే బొంకులదిబ్బపై నిలిచి మనతో మాటలాడువాడు గిరీశము. నాటకమంతయు వాని నోటి మాటకారితనము మనలను మోహపెట్టుచునే యుండును. అయినను గురజాడ అప్పారావుగారు వాని కన్నును తమ కన్నుగ చేసికొనలేదు. వాని వెనుక బుచ్చమ్మ నిలిచియున్నది. అగ్నిహోత్రావధానులు అమ్మజూపు చిన్నపిల్ల నిలిచియున్నది. 1897లో అచ్చయిన ప్రతికి వారు వ్రాసిన పీఠికను చదివినవారు ఎరుగుదురు: మహారాజావారి యాజ్ఞచే విశాఖపట్టణ జిల్లాలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములను లెక్కింపగా 1034 తేలినవి. ఒక్క యేడు వయసు గల పసికందులు సైతము ముగ్గురందులో నున్నారు. మన నేలమీద యథార్థవాదము ఇట్లు బాధితుల పట్టికతో మొదలైనది. తరువాత శ్రీకాకుళము సీమలో కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ వచ్చినది. కన్నబిడ్డను తానే నరికిన తండ్రిని చూపినందులకు ఆ కథపై పెద్ద వివాదము చెలరేగినది. కాని ఆ కత్తి వెనుక అప్పును, అప్పు వెనుక ఊరిని, ఊరి వెనుక పెద్దల న్యాయమును ఆ కథ విప్పి చూపినది. స్వయముగ న్యాయవాదియైన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు దొంగల నోట, సారా అమ్మువారి నోట పలికించిన కథలలో, కోర్టు బల్లకు అవతలనున్నవారెవరో, ఇవతలనున్నవారెవరో మనకు తెలిసినది. ఈ కొలబద్ద మన ఇంటిలోనే యున్నది. దానితో నేటి బొమ్మలను కొలుతము.

మొట్టమొదట ఒక ప్రశ్న. హంతకుని మనస్సులోని మాట చలనచిత్రకారునకు ఎట్లు తెలిసినది? అనేక పర్యాయములు పోలీసువారు వ్రాసికొన్న వాంగ్మూలమునుండి, దానిని అచ్చువేసిన పత్రికలనుండి. ఇచ్చట న్యాయవాదులమైన మేము ఒక మాట చెప్పవలసియున్నది. పోలీసు అధికారి యెదుట చేసిన నేరాంగీకారమును ముద్దాయిపై రుజువుగ స్వీకరింపరాదని 1872 నాటి సాక్ష్యచట్టము 25వ సెక్షను శాసించెను. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన క్రొత్త సాక్ష్యచట్టము ఆ నియమమునే 23వ సెక్షనున నిలిపియుంచెను. తెల్లదొరలు సైతము తమ పోలీసులు వ్రాసిన దానిని నమ్మలేదన్నమాట! చట్టము నమ్మనిదానిని మన తెర నమ్ముచున్నది. నమ్మి, దానికి సంగీతము కూర్చి, ‘యథార్థ సంఘటనల ఆధారముగ’ అని పైన వ్రాసి మన ముందు పెట్టుచున్నది. అది హంతకుని కన్ననుకొని మనము చూచుచున్నాము. అది స్టేషను రైటరు కన్ను కావచ్చును!

ఇది ఊహ కాదు. అమెరికాలో 1986లో ‘హెన్రీ’ యను బొమ్మ తయారైనది. హంతకుని చిత్రించుటలో ఇంతటి యథార్థత మరియొకటి లేదని నేటికిని పేరు. అచ్చటి ధ్రువీకరణ సంఘమువారితో జరిగిన వివాదముచే అది 1990 వరకు సరిగ ప్రేక్షకులను చేరలేదు. ఆ బొమ్మకు ఆధారము హెన్రీ లీ లూకాస్ అనువాని నేరాంగీకారములు. వాడు వందలకొలది హత్యలు చేసితినని చెప్పెను. ఊరూర పోలీసులు తేలని కేసులన్నియు వాని తలకు చుట్టి మూసివేసిరి. 1986లోనే టెక్సాసు రాష్ట్రపు అటార్నీ జనరలు విచారించి, వాడు చేసితినన్న హత్యలలో అనేకములు వానికి అసాధ్యములని నివేదించెను. 1998లో వాని మరణశిక్షయే రద్దయి యావజ్జీవముగ మారెను. యథార్థతకు పరాకాష్ఠయని పొగడబడిన బొమ్మ నిలిచిన పునాది ఇట్టిది.

మన దేశపు కథ ఇంకను విషాదకరము. 2006 డిసెంబరులో నోయిడా పట్టణపు నిఠారీలో ఒక ఇంటి వెనుక మురుగుకాలువలో పిల్లల ఎముకలు బయటపడినవి. ఆ పిల్లలలో పెక్కురు పొట్టకూటికై వలస వచ్చిన బీదల బిడ్డలు. బిడ్డ కానరాలేదని తల్లిదండ్రులు మొరపెట్టుకొన్నను, పోలీసులు చెవిని పెట్టరైరి. తరువాత ఆ యింటి పనివానిచే నేరమంగీకరింపజేసి, కేసు వెనుక కేసున మరణశిక్షలు వేయించిరి. అరువది దినములు పోలీసు నిర్బంధమున నుంచిన పిమ్మట పుట్టిన ఆ నేరాంగీకారమును నమ్మజాలమని అలహాబాదు హైకోర్టు 2023 అక్టోబరులో వానిని నిర్దోషిగ తేల్చెను. మిగిలిన ఒక్క కేసునను సుప్రీంకోర్టు 2025 నవంబరులో వానిని నిర్దోషిగ ప్రకటించెను. ఈ నడుమ, హైకోర్టు తీర్పు వచ్చిన పదునొకండు మాసములకు, ఆ ఉదంతమునుండి ప్రేరణ పొందిన ‘సెక్టార్ 36’ అను హిందీ బొమ్మ నెట్‌ఫ్లిక్స్ తెరపై కెక్కెను. పేర్లు మార్చిరి. పోలీసుల నిర్లక్ష్యమును చూపిరి. ఆ మేరకు మెచ్చవలసినదే. కాని ఆ బొమ్మకు ప్రాణము పనివాడు తన ఘోరములను తాపీగ వర్ణించు దీర్ఘమైన నేరాంగీకార దృశ్యము. న్యాయస్థానము త్రోసివేసిన దానికి తెర పట్టాభిషేకము చేసినది. ఆ పిల్లలను చంపిన దెవరో నేటికిని ఏ కోర్టును తేల్చలేదు. తల్లులు ఆ ప్రశ్నతోనే యున్నారు. ప్రేక్షకులు మాత్రము సమాధానము చూచి ఇండ్లకు పోయిరి. ఇది యథార్థమా? ఇది యథార్థమును సమాధి చేయుట.

ఇక తెలుగు తెర. 1978లో భారతిరాజాగారు తమిళమున తీసిన బొమ్మ మరుసటి యేడు ‘ఎర్రగులాబీలు’గ మనకు వచ్చినది. కమలహాసన్, శ్రీదేవి నటించిరి. స్త్రీలను వంచించి చంపి తోటలో పాతిపెట్టు ధనికుడు అందు కథానాయకుడు. వానికొక బాల్యమున్నది, ఆ బాల్యమున గాయములున్నవి, స్త్రీద్వేషమును నూరిపోసిన పెంపుడుతండ్రి యున్నాడు. వాడెట్లు అట్లయ్యెనో తెలిసికొనుటకు ఆ బొమ్మ ఎంతయో శ్రద్ధ వహించినది. మంచిదే. కాని ఆ తోటలో పాతిపెట్టబడినవారికి బాల్యము లేదా? వారికై ఏ యింటనో దీపము పెట్టుకొని కూర్చున్నవారు లేరా? వారు ‘చెడిన స్త్రీలు’గ తెర మీదికి వత్తురు, పోదురు. హంతకుడు వారిని ఎట్లు చూచెనో ప్రేక్షకుడును అట్లే చూచును. హంతకుని మనస్సును వివరించుట వేరు, హంతకుని తీర్పును సమర్థించుట వేరు. ఆ బొమ్మ మొదటి దానితో బయలుదేరి రెండవ దానిలో కాలు జారినది.

2013లో కన్నడమునుండి ‘దండుపాళ్యం’ వచ్చినది. ఒక ముఠా చేసిన హత్యలను ముఠా వెంట నడచి చూపిన ఆ బొమ్మకు ఊరి పేరే పేరు. ఆ యూర పొలము దున్నుకొని బ్రదుకువారి గతి ఏమి? మన యూరి పేరిట అట్టి బొమ్మ వచ్చిన మనము ఊరకుందుమా? మన యాసను నౌకరుల నోట, హాస్యగాండ్ర నోట పెట్టి నవ్వుకొన్న తెరను ఇన్నేండ్లు చూచినవారము మనము. తెర యొక సీమపై వేసిన ముద్ర ఎంత సులభముగ చెరగదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

2020 సెప్టెంబరు 5న ఇంటి తెరకు వచ్చిన మోహనకృష్ణ ఇంద్రగంటిగారి ‘వి’ చూడుడు. వరుసగ చంపుచు పోవువాడు జనప్రియుడైన నాని. భార్యను చంపినవారిపై పగ యను సమర్థన కథలోనే సిద్ధముగ నున్నది. ఆ బొమ్మను 2021 మార్చిలో బొంబాయి హైకోర్టు తెరపైనుండి దింపించెను. నెత్తురునకు కాదు, హత్యలకు కాదు. ఒక యువతి ఛాయాచిత్రమును ఆమె యనుమతి లేకయే, పడుపువృత్తిలోనున్న స్త్రీ చిత్రముగ ఒక దృశ్యమున చూపిరి. ఆమె కోర్టు కెక్కెను. ఆ భాగమును తొలగించునంతవరకు బొమ్మ కనబడరాదని న్యాయమూర్తి యాజ్ఞాపించెను. పాఠకులు ఈ చిన్న సంగతిని చిన్నదిగ నెంచవలదు. ఇంతమంది నిపుణులు పనిచేసిన చోట, తెరపై క్షణకాలము కనబడు స్త్రీ ముఖము ఒక బ్రదికియున్న మనిషిదని తలచినవారు ఒక్కరు లేకపోయిరి! హంతకుడు తన ముందున్నదానిని మనిషిగ చూడడని మనకు పాఠము చెప్పు తెర తానును అట్లే చూచినది.

ఇట్లుగాక వేరు విధమున తీయ సాధ్యమా యని యడుగుదురు. సాధ్యమని 1931లోనే జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ నిరూపించెను. ఆయన తీసిన ‘ఎం’ అను బొమ్మలో పిల్లలను చంపువాడు నడుమ నున్నాడు. తుదకు వాడు తన వశమున తాను లేనని గొంతు చించుకొని మొరపెట్టుకొనును, మనము వినకతప్పదు. కాని ఆ బొమ్మ మొదలగుట ఒక తల్లితో. బడినుండి రావలసిన కూతునకు ఆమె భోజనము సిద్ధము చేయుచున్నది. గడియారము కదలుచున్నది. ఆమె పిలుచును, బదులు లేదు. నిర్మానుష్యమైన మెట్లు, భోజనబల్లపై ఖాళీ పళ్లెము, గడ్డిలో దొర్లివచ్చు బంతి. హత్య తెరపై కనబడదు. నెత్తురు చుక్క లేదు. అయినను అంతకంటె యథార్థమైన హత్య వేరొకటి యున్నదా? కడపటి మాటయు తల్లిదే.

ఆ ఖాళీ పళ్లెము తెలుగునేలను లేదా? యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారము మండలములోని హాజీపూరును తలచుకొనుడు. 2019 ఏప్రిల్‌లో బడికి పోయిన బాలిక ఇంటికి రాలేదు. పాడుబడిన బావిలో ఆమె దేహము దొరికినది. వెదకగా మరియొక యువతి దేహము. ఇంకను వెదకగా 2015లో కానరాకుండపోయిన పదునొకండేండ్ల పిల్ల ఎముకలు. నాలుగేండ్లు ఆమె యేమాయెనో ఎవ్వరికిని తెలియలేదు. మోటారుసైకిలుపై ఎక్కించుకొందునని పిలిచి తీసికొనిపోయిన ఆ యూరివానికి 2020 ఫిబ్రవరి 6న నల్లగొండ కోర్టు మరణశిక్ష విధించెను. రేపెవరైన దీనిని బొమ్మ తీసిన ఏమి తీయుదురు? మోటారుసైకిలు చప్పుడు, బావి చీకటి, హంతకుని చిన్ననాడు. కాని అపరిచితమైన బండి యెక్కుటకు ఆ పిల్లలేల ఒప్పుకొనిరి? ఆ యూరికి తగిన బస్సు లేదు. వాగుపై వంతెన కావలెనని ఊరివారు ఎన్నాళ్లనుండియో అడుగుచుండిరి. హంతకునకు సహాయపడిన ఆ దారిని హంతకుని కన్ను చూడదు. వానికది సదుపాయము మాత్రమే. మొదటి మరణము లెక్కకు రాలేదు గనుకనే రెండవది, మూడవది జరిగినవి. హత్య వరుసగ మారుటకు హంతకుని మనోవికార మొక్కటియే చాలదు. మన యుపేక్షయు తోడు కావలెను. ఆ రెండవ భాగము లేని బొమ్మ సగము నిజము. సగము నిజమును నిండు నిజమని యమ్ముట వంచనము.

‘ఇది కల్పన, కల్పనకు ఇన్ని నియమములా?’ అని కొందరందురు. కల్పనయని చెప్పి తీసిన మాకు పేచీ లేదు. కాని ప్రకటనలో యథార్థమని పిలిచి, కోర్టులో కల్పనయని తప్పించుకొనుట రెండు నాల్కల వ్యవహారము. ‘జనులు కోరుచున్నారు’ అని మరికొందరందురు. జనులు బావి దగ్గర గుమిగూడుదురు, నిజమే. గుమిగూడినవారినుండి టిక్కెట్టు వసూలు చేయుటను ఎవరును కళ యనరు.

ఈ విషయము మనకు దూరపుది కాదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి ఏటేట కుటుంబములు మూట ముల్లె కట్టుకొని హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు పనులకై పోవుచున్నవి. పలాస జీడిపప్పు బట్టీలలో పని ముగించుకొని ప్రొద్దుగ్రుంకిన పిదప ఆడువారు నడచి వచ్చుచున్నారు. నిఠారీ పిల్లలవంటి పిల్లలు మనకున్నారు. హాజీపూరు బాటవంటి బాటలు మనకున్నవి. బిడ్డ కానరానిచో దానిని అపహరణముగనో అక్రమ రవాణాగనో భావించి వెంటనే ఎఫ్.ఐ.ఆర్. వ్రాయవలెనని 2013లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించియున్నది. ఈ యొక్క సంగతి తెలియక ఎందరు తండ్రులు స్టేషను గుమ్మమునుండి వెనుదిరిగి పోవుచున్నారో! చదువుకొన్నవారు ఒక సాయంకాలము తమ పేటలో ఈ ముక్క పదుగురికి చెప్పిన, హంతకుని మనస్తత్వమును గూర్చిన పది బొమ్మలకంటె మేలు జరుగును.

ప్రభుత్వమును మేము కత్తెర యడుగము. చలనచిత్రకారులనే అడుగుదుము. నిజముగ జరిగిన కేసును తీసినయెడల, న్యాయస్థానములు చివరకు ఏమి తేల్చినవో బొమ్మ ముగియకముందే తెలుగున స్పష్టముగ చెప్పుడు; తీర్పు మారినచో ఆ మాటను మార్చుడు. చనిపోయినవారి యిండ్లకు పోయి మాటలాడుడు. వారి బిడ్డల పేర్లను, దేహములను సరకు చేయవలదు. హంతకునకు ఒక బాల్యము నిచ్చినచో, హతురాలికిని ఒక బాల్యము నిండు.

పాఠకులనును ఒకటి కోరుదుము. ఇకమీద తెరపై ‘యథార్థ సంఘటనల ఆధారముగ’ అను అక్షరములు కనబడినపుడు తలవంచి నమ్మవలదు. అది ఎవరి వాంగ్మూలము? ఏ కోర్టు దానిని నమ్మినది? చచ్చినవారి పక్షమున ఆ బొమ్మలో మాటలాడిన దెవరు? ఈ మూడు ప్రశ్నలు వేయుడు. సమాధానము లేని బొమ్మను పొగడవలదు. పిల్లల ప్రాణములను పట్టికగా వ్రాసి నాటకమునకు ముందు నిలిపిన ఊరివారము మనము. హతులను లెక్కింపని యథార్థమును యథార్థమని మనచే ననిపింపగలవారు ఎవ్వరు?